మా వరండాలో పెనాల్టీ

మా ఇల్లు గ్రౌండు పక్కనే ఉండటం నా జాతకంలో రాసి ఉన్న దోషం అనుకుంటాను. భూపాలపల్లిలో గని కార్మికులకు కట్టిన క్వార్టర్లలో చివరి వరస మాది. వంటింటి కిటికీ తెరిస్తే గోల్‌పోస్టు కనిపిస్తుంది, ముందు తలుపు తెరిస్తే ఫుట్‌బాల్ గురించి మాట్లాడే మగవాళ్లు కనిపిస్తారు. ఆట గంటన్నరలో అయిపోతుంది. దాని మీద మాటలు మాత్రం వారాల తరబడి మా వరండాలో జరుగుతూనే ఉంటాయి. ఇరవై ఏళ్లుగా ఆ మాటలకు చాయ్ పోస్తున్నది నేనే కాబట్టి వాటి విలువ ఎంతో నాకు బాగా తెలుసు.

ఆ సభకు ముగ్గురు శాశ్వత సభ్యులు. మొదటివాడు మా ఆయన, గని వర్క్‌షాపులో మెకానిక్. లారీ ఇంజను చప్పుడు విని లోపల ఏది వదులైందో చెప్పేస్తాడు కానీ ఇంట్లో నల్లా కారుతుంటే నెల రోజులైనా ఆయన చెవికి వినపడదు. రెండోవాడు పక్క క్వార్టరు పెద్దాయన. గనిలో పని చేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు ఈ గ్రౌండులోనే ఆడాడట. ఏ మాటైనా "మా జమానాల" అని మొదలుపెడతాడు. ఆ జమానాలో బంతి గోల్ బయటికి పోయిన దాఖలా లేదు, రెఫరీ తప్పు చేసిన దాఖలా లేదు. మరి ఆయన మోకాలు ఎట్లా పోయిందో మాత్రం చెప్పడు. మూడోవాడు ఎరువుల దుకాణం ఆయన. సొంతూరు మహబూబాబాద్ దిక్కు మరిపెడ, పదేళ్ల కింద ఇక్కడికి వచ్చి దుకాణం పెట్టుకున్నాడు. ఆయన బంతిని కాలితో తన్నగా నేను ఎన్నడూ చూడలేదు. కానీ ఫోన్లో వీడియో ఆపి, వెనక్కి జరిపి, వేళ్లతో పెద్దది చేసి చూపించడంలో ఆయనను మించినవాడు జిల్లాలో ఉండడు.

ఆ ఏడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జట్లు కలిసి ఒక టోర్నమెంటు పెట్టుకున్నాయి. ఉన్నవి మూడే జట్లు. అయినా ప్లేఆఫ్ కావాలన్నారు. టీవీలో క్రికెట్ చూసి నేర్చుకున్న తంతును తెచ్చి ఫుట్‌బాల్‌కు తగిలించారని నా అనుమానం. మూడు జట్లకు ప్లేఆఫ్ ఏమిటని అడిగితే మా ఆయన ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. ముందు అందరూ అందరితో ఆడతారు. మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్లు, అంటే జనగామ, మేము, ఒక మ్యాచ్ ఆడతారు. గెలిచినవాళ్లు నేరుగా ఫైనల్‌కు పోతారు. ఓడినవాళ్లకు మహబూబాబాద్‌తో ఇంకో మ్యాచ్ ఉంటుంది, అందులో గెలిస్తే వాళ్లూ ఫైనల్‌కే పోతారు. ఫైనల్ జనగామలో.

"అంటే ఓడినా ఓడినట్టు గాదన్నమాట" అన్నాను.

"గదే గద ప్లేఆఫ్ అంటె" అని ముగ్గురూ ఒక్కసారే సంబరపడ్డారు. నేను పాఠాలు చెప్పే బడిలో తప్పు లెక్క చేసిన పిల్లలు కూడా ఇంకోసారి చెయ్యమంటే అంత సంబరపడరు.

మా జట్టులో గోల్‌కు కాపలాగా వెనక ఆడేవాడు ఒకడున్నాడు. ముప్పై దాటినవాడు, ఓపెన్‌కాస్ట్ గనిలో, అంటే పైనుంచి గొయ్యి తవ్వి బొగ్గు తీసే చోట, కాంట్రాక్టు కార్మికుడు. గనిలో అతను సరిగ్గా ఏం పని చేస్తాడో నేనెప్పుడూ అడగలేదు. అతని భార్యది మా ఊరే, జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలం. మా ఇంటికి రెండిళ్ల అవతల పుట్టి, నన్ను అక్కా అంటూ పెరిగిన పిల్ల. ఆ వరసన అతను నాకు మరిది అవుతాడు. వదిన మరిదిని ఎంత మాటన్నా మా వైపు ఎవరూ తప్పు పట్టరు. నేను ఎన్ని మాటలన్నా అతను తల వంచుకుని నవ్వేవాడు, నేను ఆ నవ్వును అలుసుగా తీసుకున్నాను.

ఆ నెలలో వాళ్లింట్లో ఒక సంబరం ఉంది. అతని భార్యకు ఒడిబియ్యం పోస్తామని పుట్టింటివాళ్లు కబురు పెట్టారు. పెళ్లయిన ఆడబిడ్డను పిలిచి, కొత్త చీర కట్టబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒళ్లో పోసి పంపుతారు. పుట్టిల్లు తనను మరిచిపోలేదని ఆడదానికి నలుగురిలో తెలిసే రోజు అది. ఆ పిల్లకు ఐదేళ్ల తర్వాత వచ్చిన పిలుపు. వాళ్లు పెట్టుకున్న ఆదివారమే జనగామలో ఫైనల్ కూడా పడింది.

"పొద్దుగాల ఒడిబియ్యం, పొద్దుమీకి ఫైనల్. ఒక్క బస్సుల పోయి రెండు పనులు జేసుకొస్తం వదినె" అన్నాడు అతను, మేము ఫైనల్‌కు పోవడం ఖాయమైపోయినట్టు.

జనగామతో మా మ్యాచ్ రెండో శనివారం, మా గ్రౌండులోనే. బడికి సెలవు. నేను కిటికీ దగ్గర ఉల్లిగడ్డలు కోస్తూ నిలబడ్డాను. ఈ ఆటలు నేను చూడనని అందరికీ చెబుతాను కానీ చూస్తాను. నాలుగున్నర అయింది, ఇరుపక్కలా గోల్ లేదు. జనగామ కుర్రాడొకడు ఎడమ పక్క నుంచి బంతిని మా గోల్ ముందుకు ఎత్తి పంపాడు. మా మరిది సరిగ్గా దాని దారిలోనే ఉన్నాడు. తలతో కొట్టొచ్చు, ఛాతీతో ఆపొచ్చు, ఏమీ చెయ్యకుండా పక్కకు తప్పుకున్నా మా గోల్‌కీపర్ అందుకునేవాడు. అతను మాత్రం బంతిని వదిలేసి తల ఇంకో దిక్కుకు తిప్పుకున్నాడు. ఎడమ చెయ్యి భుజం ఎత్తున తిన్నగా చాపాడు. బంతి వచ్చి అరచేతికి తగిలింది.

రెఫరీ హనుమకొండ నుంచి వచ్చినాయన. మరో ఆలోచన లేకుండా విజిల్ వేసి పెనాల్టీ చుక్క చూపించాడు. అందులో తప్పేమీ లేదు, అంతకంటే స్పష్టమైన పెనాల్టీ నేను కూడా చూడలేదు. జనగామవాళ్లు బంతిని చుక్క మీద పెట్టుకుంటుండగా ఓపెన్‌కాస్ట్‌లో పేలుడుకు మా కిటికీ అద్దాలు గలగలమన్నాయి. రోజూ అనేవే కాబట్టి నేను పట్టించుకోలేదు. గోల్ పడింది. మా మరిది తన చెయ్యి తనది కానట్టు దాని వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆట ఆ ఒక్క గోల్‌తోనే ముగిసింది.

చాయ్ నీళ్లు మరగక ముందే సభ కూడింది.

"చెయ్యి లేసిందా, లేపిండా? గది జెప్పు ముందు" అన్నాడు మా ఆయన.

"మా జమానాల చేతులు ఎనుకకు కట్టుకొని ఆడినం" అన్నాడు పెద్దాయన.

దుకాణం ఆయన అప్పటికే వీడియో సంపాదించాడు. గోల్ వెనక నిలబడి ఎవరో తీశారు. "గిది సూడున్రి. బాల్ వస్తుంటె తల తిప్పుకున్నడు. తెల్వక జేసినోడైతె బాల్ దిక్కు సూస్తడు. తెలిసి జేసేటోడే తల తిప్పుకుంటడు" అని వేలు పెట్టి చూపించాడు.

ఆ ఒక్క వీడియోను వాళ్లు ఎన్నిసార్లు చూశారో దేవుడికే తెలియాలి. అయితే ఎప్పుడూ సౌండ్ తీసేసి చూసేవాళ్లు. తీసినవాడు పెనాల్టీ పడగానే నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడట. ఇంట్లో ఆడమనిషి ఉంది, అందులోనూ టీచరమ్మ, ఆ మాటలు ఆమె చెవిన పడకూడదని వాళ్ల మర్యాద. ఒక మనిషి పరువును వరండాలో చీల్చి ఆరబెట్టడానికి లేని మర్యాద బూతుల దగ్గర గుర్తుకొచ్చింది. అయినా అప్పుడు నాకు అది ముచ్చటగానే అనిపించింది.

పెనాల్టీ ఎందుకయిందో తేల్చడానికి వాళ్లు పడుతున్న తిప్పలు చూస్తే నాకు ఒళ్లు మండింది. చెయ్యి ఎంత ఎత్తున ఉందో స్కేలు పెట్టి కొలిచేట్టున్నారు. ముగ్గురి ముందూ గ్లాసులు పెడుతూ నేనన్నాను: "ఇంత పరేషాన్ ఎందుకు? అత్తగారోళ్లు ఆయన పెండ్లానికి ఒడిబియ్యం పోస్తమన్నరు. అల్లుడే ముందుగాల జనగామోళ్ల ఒళ్లె గోల్ పోసిండు."

మా ఆయన నవ్వి నవ్వి చాయ్ చొక్కా మీద పోసుకున్నాడు. పెద్దాయన మోకాలు నొప్పి మరిచి తొడ కొట్టుకున్నాడు. ఇరవై ఏళ్లలో ఆ వరండాలో ఎవరూ ఇంత బాగా మాట్లాడలేదని నాకే అనిపించింది. వాళ్ల చర్చ ఎంత పిచ్చిదో చూపించాలని అన్న మాట అది. లోపలికి వచ్చి గిన్నెలు తోముకుంటూ దాన్నే తలుచుకుని ఇంకోసారి నవ్వుకున్నాను, ఆ మాట నిజం.

సోమవారం పొద్దున కూరగాయల దగ్గర ఆ మాట నాకే ఎదురైంది. అమ్మే ఆమె వంకాయలు తూస్తూ, "జనగామ అల్లుని ముచ్చట ఇన్నవా టీచరమ్మా" అని నా మాటను నాకే కొత్తగా చెప్పింది. అప్పటికి ఇంకా నవ్వుతూనే చెబుతున్నారు. బుధవారానికి నవ్వు పోయి మాట ఒక్కటే మిగిలింది. అతను కావాలనే చెయ్యి పెట్టాడట, అత్తగారి ఊరివాళ్లు ముందే మాట్లాడుకున్నారట, చీరతో పాటు ఇంకేదో కూడా పెడుతున్నారట. లింగాల ఘనపూర్‌లో రెండెకరాల పత్తి చేను చేసుకునే ఆ ముసలివాళ్లకు ఫుట్‌బాల్ గుండ్రంగా ఉంటుందో పలకగా ఉంటుందో కూడా తెలియదు. శుక్రవారం నాడు జట్టు కెప్టెన్ అతని ఇంటికి పోయి, "ఈసారికి జర కూసో అన్నా, పబ్లిక్ గరం మీదున్నరు" అని చెప్పి వచ్చాడు. ఈ మాట మా ఆయన అన్నం తింటూ చెప్పాడు.

"మీరు ఊకున్నరా?" అన్నాను.

"మరి పబ్లిక్ మాట ఇనాలె గద" అన్నాడు. ఆ పబ్లిక్ మా వరండాలో మూడు కుర్చీల్లో పట్టేంత ఉంటారని ఆయనకు తోచలేదు. నాలుగో కుర్చీ నాదని నాకూ తోచలేదు.

ఆదివారం మహబూబాబాద్‌తో మ్యాచ్‌కు ముగ్గురూ దుకాణం ఆయన కారులో పోయారు. పోయేటప్పుడు ఆయన భూపాలపల్లి మనిషి. మేము మూడు గోల్స్‌తో ఓడిపోయాక, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ మరిపెడ మనిషి అయిపోయాడు. "ఎంతైన మా దిక్కు పోరగాండ్ల కాళ్లల్ల దమ్మున్నది" అంటూ కారు దిగాడు. మా మరిది స్థానంలో నిలబెట్టిన కుర్రాడికి అది మొదటి మ్యాచ్. మూడు గోల్స్ అతను కాపు కాయాల్సిన వైపు నుంచే పడ్డాయట. ఇప్పటికైనా బుద్ధి వస్తుందేమో అనుకుని చాయ్ పెట్టాను.

"అంత వానివల్లనే" అన్నాడు పెద్దాయన కూర్చుంటూనే.

"ఎవరి వల్ల? కొత్త పిల్లగాని వల్లనా?"

"కాదు బిడ్డా. ఆ శనివారం వాడు చెయ్యి లేపకపోతె మనం మహబూబాబాద్ పోయేటోళ్లమే గాదు."

మైదానంలో లేని మనిషి మీద మూడు గోల్స్ వేసిన ఘనత మా వరండాకే దక్కుతుంది. నేను లోపలికి వెళ్లి రేడియో సౌండ్ పెంచాను.

మరునాడు సోమవారం ఆటోలు నడవలేదు. బడి అయిపోయాక మా ఆయన బండి మీద వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. మా బడి దారి ఓపెన్‌కాస్ట్ అంచు వెంబడి వస్తుంది. ప్రతి సాయంత్రం బొగ్గు పొరల మీద రాయిని పేల్చే ముందు సైరన్ వేస్తారు, రోడ్డుకు అడ్డంగా తాడు కడతారు, ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని బండ్లను ఆపుతాడు. పేలుడు అయ్యాక ఇంకో సైరన్ వేసి వదులుతారు. నేను రోజూ ఆటో వెనక సీట్లో కూర్చుని అక్కడ ఆగుతాను. ఆగినంతసేపూ ఫోన్ చూసుకుంటాను, ఆలస్యమవుతోందని విసుక్కుంటాను. దుమ్ముకు ముఖం నిండా టవల్ చుట్టుకున్న ఆ జెండా మనిషిని మనిషిగా ఒక్కరోజూ చూడలేదు.

ఆ రోజు మా బండి తాడుకు అందరికంటే ముందు ఆగింది. సైరన్ మొదలైంది. జెండా మనిషి రోడ్డు మధ్యకు వచ్చి కుడిచేత్తో ఎర్రజెండా పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి భుజం ఎత్తున తిన్నగా మా వైపు చాపాడు, అరచెయ్యి విప్పి. తల మాత్రం మా వైపు లేదు, పేలుడు జరిగే గొయ్యి వైపు తిరిగి ఉంది.

మనిషి కంటే ముందు ఆ చెయ్యిని గుర్తుపట్టాను. వంద సార్లు వీడియోలో ఆపి, పెద్దది చేసి, మా వరండాలో చూసిన చెయ్యి. తర్వాత టవల్ పైన ఆ కళ్లు చూశాను. మా మరిదే. ఒక్కసారి మా వైపు చూసి, పలకరించకుండానే మళ్లీ గొయ్యి వైపు తిరిగాడు.

"జల్ది ఇడిస్తె మంచిగుండు" అన్నాడు మా ఆయన గడియారం చూసుకుంటూ. ఇంజను లోపలి బోల్టును వినగలిగే మనిషి.

ఆ సాయంత్రం ముగ్గురూ వచ్చాక చాయ్ ఇవ్వలేదు. "ఆ వీడియో పెట్టున్రి, సౌండ్‌తోని" అన్నాను.

"వద్దక్కా, అండ్ల మాటలు మంచిగ లెవ్వు" అన్నాడు దుకాణం ఆయన.

"పెట్టున్రి."

పెట్టాడు. గ్రౌండులో గోల, ఎవరో ఎవరినో పిలవడం. బంతి గాల్లోకి లేచింది. అప్పుడే సన్నగా మొదలై పెద్దదవుతూ ఓపెన్‌కాస్ట్ సైరన్ వినిపించింది. వెంటనే ఆ తల గొయ్యి ఉన్న దిక్కుకు తిరిగింది. ఆ చెయ్యి లేచింది. ఆ తర్వాత బూతులు వచ్చాయి. వాటికంటే గొప్ప తిట్లు నేను పిల్లల తల్లుల దగ్గర రోజూ వింటాను.

రోజూ సైరన్ కూతకు అన్నం వండుకునే ఊరు మాది. ఆ శనివారం గ్రౌండులో ఉన్న వందల మందిలో ఎవరికీ అది వినపడలేదు, వంటింట్లో ఉన్న నాకూ వినపడలేదు. ఏళ్ల తరబడి ఆ కూత వినగానే జనం ప్రాణాలకు అడ్డంగా చెయ్యి చాపిన మనిషికి మాత్రం వినపడింది. అదీ అతని చెవికి కాదు, చేతికి. ఇదంతా వాళ్లకు చెప్పాను. క్లాసులో చెప్పినట్టు, ముగ్గురికీ అర్థమయ్యేట్టు చెప్పాను.

దుకాణం ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వాళ్లకు సిగ్గు వేసిందేమో అనుకున్నాను. వాళ్లు కొత్త మాట కోసం ఆలోచించుకుంటున్నారు.

"మా జమానాల గూడ సైరన్ ఉండె. మా చేతులు లేవలె" అన్నాడు పెద్దాయన.

"అయితె గది కావాలని జేసింది గాదన్నట్టు. మరి కావాలని జేయకుంటె పెనాల్టీ ఎట్ల ఇస్తడు? రెఫరీది తప్పు" అన్నాడు మా ఆయన, కొత్త దారి దొరికిన ఉత్సాహంతో.

దుకాణం ఆయన ఇంకా లోతుకు పోయాడు. "సరిగ్గ జనగామోళ్లు బాల్ ఎత్తినప్పుడే సైరన్ ఎందుకేసిన్రు? ఎవలు ఎయ్యమన్నరు?"

"రోజు గదే టైముకు ఏస్తరు" అన్నాను.

"గదే అంటున్న అక్కా. ఆ టైము జనగామోళ్లకు ఎవలు జెప్పిన్రు?"

నేను లేచి లోపలికి వచ్చాను. వాళ్లకు నిజం అక్కర్లేదు, రేపటికి మాటలు కావాలి. సైరన్ ఇంకో రెండు వారాలకు సరిపోతుంది. ఆ ముగ్గురిని చూసి నాకు కలిగిన ఏవగింపు ఇంతా అంతా కాదు, వంటింట్లో నిలబడి దాన్ని చాలాసేపు అనుభవించాను.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఆ సాయంత్రం నేను అన్నీ చెప్పాను కానీ ఒడిబియ్యం మాట మొదట ఎవరిదో చెప్పలేదు. వాళ్లకూ గుర్తు లేదు. అది బజార్లో పుట్టిన మాటేనని ముగ్గురూ నమ్ముతున్నారు, పెద్దాయన అయితే దాన్ని తనే అన్నట్టు చెప్పుకుంటున్నాడు. నేను కాదనలేదు. మంగళవారం నుంచి ఆటోలు నడిచాయి. రోజూ తాడు దగ్గర ఆగినప్పుడు వెనక సీట్లోంచి అతన్ని చూశాను. దిగి నాలుగడుగులు వేస్తే అయిపోయే పని. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆదివారం రానీ, వాళ్లు ఒడిబియ్యానికి పోయి వస్తారు, ఆ సంతోషంలో ఈ మాట కొట్టుకుపోతుంది అనుకున్నాను. పిరికితనానికి ఇంతకంటే తెలివైన పేరు నాకు దొరకలేదు.

ఆదివారం మధ్యాహ్నం మా ఊరి నుంచి మా అన్న భార్య ఫోన్ చేసింది.

"మీ మరిదోళ్లు రాలె. బియ్యంల పసుపు గలిపి, పీట ఏసి పెట్టిన్రు. చుట్టాలంత కూసున్నరు. ఆ పిల్ల తల్లి తొవ్వ సూసుకుంట పొద్దటిసంది గడపలనే ఉన్నది" అంది.

"ఎందుకు రాలేదట?"

"జనగామల ఫైనల్ ఉన్నది గద ఇయ్యాల. ఈ దినం అటు పోతె, తీసుకోను పోయిన్రు అంటరట. ఆ పిల్లనే పోనన్నదట. ఏం తీసుకోను పోవుడో, నాకు సమజ్ గాలె. నీకేమన్న ఎర్కేనా?"

తెలియదన్నాను. ఫైనల్ ఎవరు గెలిచారో ఆ సాయంత్రం వరండాలో గట్టిగానే చెప్పుకున్నారు. నా చెవికి ఎక్కలేదు.

సోమవారం తాడు దగ్గర ఆటో ఆగగానే దిగాను. "మేడం, సైరన్ అయింది" అని డ్రైవర్ వెనక నుంచి పిలుస్తున్నాడు. నేను తాడు ఎత్తి కింద నుంచి దూరి అతని వైపు నడిచాను. ఏం చెప్పాలో బడిలోనే తయారు చేసుకున్నాను, మొదటి మాట నోటి చివరికి వచ్చింది. అతను గొయ్యి వైపు చూస్తూనే ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకు ఆ ఎడమ చెయ్యి నా మీదికి వచ్చి, భుజానికి బెత్తెడు దూరంలో ఆగింది.

"ఎనుకకు జరుగు వదినె. రాళ్లొస్తయి" అన్నాడు.

రెండడుగులు వెనక్కి వేశాను. భూమి అదిరింది. గొయ్యిలోంచి బూడిదరంగు దుమ్ము లేచి రోడ్డు మీదికి వచ్చింది. అతను చెయ్యి దించలేదు. రెండో సైరన్ కోసం ఎదురు చూస్తూ ఇద్దరం ఆ దుమ్ములో నిలబడ్డాం.

"మ్యాచ్ నాడు నీ చెయ్యి లేచింది సైరన్‌కు" అన్నాను. "వీడియోలో వినపడుతున్నది. సైరన్ కూసినంకనే లేచింది."

అతను మొదటిసారి తల తిప్పి నన్ను చూశాడు. "అవునా" అన్నాడు. "చెయ్యి లేసిందనే నాకు తెల్వదు వదినె. బాల్ తగిలినంక సూస్కున్న. గిన్ని దినాలసంది అదే సోంచాయిస్తున్న, ఎందుకు లేపిన్నో అని. అందరు అంటుంటె, ఏమో, నా మనసుల గట్లనే ఉండెనేమో అనిపిచ్చింది."

"ఒడిబియ్యం మాట మొదట అన్నది నేనే" అన్నాను.

"ఎర్కె. అన్న ఆ దినమే గ్రౌండుకు వచ్చి జెప్పిండు, నవ్వుకుంట."

అన్న అంటే మా ఆయన. నేను ఆయన ఊసెత్తకుండా, నవ్వులాటకు అన్నానని, ఇట్లా అవుతుందనుకోలేదని, ఏదో చెప్పబోయాను. రెండో సైరన్ మోగింది. అది ఆగేవరకు మాట్లాడటానికి వీల్లేకపోయింది. అతను జెండా చుట్టి చంకలో పెట్టుకుని, తాడు విప్పడానికి వంగాడు. వెనక బండ్లు అప్పటికే హారన్లు కొడుతున్నాయి.

"నేను గూడ నవ్విన వదినె, ముందుగాల" అన్నాడు తాడు ముడి విప్పుతూ. "ఇంక ఆపుతరు, ఇంక ఆపుతరనుకుంట ఉన్న."